‘చూద్దాం’ అనే మాటకి ఇంగ్లీషు

మా జీడిపప్పు యూనిట్ యజమాని పొద్దున్నే వచ్చి చేసే మొదటి పని తన ఫోన్ నా చేతిలో పెట్టడం. పలాసలో ఉన్న అనేక షెడ్లలో మాదొకటి. బస్తా నాలుగు మూలల నుంచీ గుప్పెడేసి జీడిపిక్కలు తీసి, కోసి, అందులో పప్పు ఎంత దిగుతుందో తూచి చెప్పడం నా పని. ఇది నాకెవరూ నేర్పలేదు, చూసి చూసి పట్టుకున్నాను. ఇంగ్లీషు చదవడం నా పని కాదు. కానీ అంకెలు చదివేవాడు అక్షరాలు కూడా చదువుతాడని మా యజమాని గట్టి నమ్మకం.

“బావా, పార్టీ ఏటో పెట్టాడు. ఓపాలి సూడు.”

మాకు చుట్టరికం లేదు. ఇక్కడ బావ అనడానికి చుట్టరికం అక్కర్లేదు. పార్టీ అంటే సరుకు కొనే మనిషి. ఈ పార్టీ విదేశంలో ఉంటాడు, మా పప్పు డబ్బాలు ఓడలో అతని ఊరికి వెళ్తాయి. ఆ రోజు పెట్టిన మెసేజీలో తనకో ‘బాల్‌పార్క్ ఫిగర్’ కావాలన్నాడు. ఫిగర్ అంటే అంకె అని నాకు తెలుసు. బాల్ అంటే బంతి. పార్క్ అంటే పార్కు. బంతికీ పార్కుకీ మా పప్పుకీ ఏమిటి సంబంధమో తెలియక మధ్యాహ్నం దాకా తల పట్టుకున్నాను. ఆఖరికి అంకె అన్నాడు కదా అని, ఉన్న సరుకంతా మళ్లీ తూయించి, గ్రాములతో సహా రాసి పంపించాను. జవాబుగా ఒక నవ్వు బొమ్మ వచ్చింది.

బాల్‌పార్క్ ఫిగర్ అంటే ఉజ్జాయింపు అంకె అట. ఆ మాట మామూలుగా చెప్పడానికి వాళ్ల భాషలో పదం లేక కాదు. ‘అప్రాక్సిమేట్’ అని ఉంది, అది నాకే తెలుసు. ఉన్న పదాన్ని పక్కన పెట్టి బంతులూ పార్కులూ ఎందుకు తేవాలో ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

ఆ అర్థం చెప్పింది మా చెల్లెలి కూతురు. వాళ్లదీ మాదీ ఒకే ఊరు, సుమ్మాదేవి. టెక్కలిలో డిగ్రీ చదివింది. ఇంగ్లీషు మాత్రం కాలేజీలో అబ్బింది కాదు. వేసవిలో వాళ్ల తోటలో పిక్కలు ఏరుతూ, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఎక్కడెక్కడి వాళ్లో మాట్లాడుకునే మాటలు వినీ వినీ నేర్చుకుంది. చదువయ్యాక ఇక్కడ పని దొరకలేదు. చెన్నై దగ్గర ఒక ప్యాకింగ్ కంపెనీలో చేరిన స్నేహితురాలు తనకి తోడుగా రమ్మని పిలుస్తోంది. హాస్టల్లో ఉండాలి, షిఫ్టుల్లో పనిచేయాలి. ఈ పిల్లకి అది ఇష్టం లేదు. పొద్దున బండెక్కి సాయంత్రానికి ఇల్లు చేరే పని కావాలి ఆమెకి.

మా ఆఫీసు గదిలో కిటికీ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చునే గుమాస్తా విశాఖపట్నం వెళ్లిపోయాడు. నేను యజమానితో మాట్లాడాను.

“రమ్మను బావా. నెలాఖర్లో పార్టీ ఇక్కడికే వత్తన్నాడు. అందాకా మెసేజీలు సూసుకోమను. ఆనక సూద్దాం” అన్నాడు.

స్నేహితురాలు కూడా నెలాఖరులోగానే ఏ సంగతో చెప్పమంది. కుర్చీ దొరికితే ఈ పిల్ల ఊళ్లో ఉంటుంది. దొరక్కపోతే చెన్నై వెళ్తుంది. విషయం ఇంతే, ఇందులో ఉజ్జాయింపు ఏమీ లేదు.

అలా ఇద్దరం రోజూ పాసింజరులో పలాస వెళ్లడం మొదలైంది. ఉన్నది కాస్త దూరమే గానీ బండి ఎప్పుడు కదిలి ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ఆ ఆగిన చోటల్లా ఆమె నాకు ఒక ఇంగ్లీషు నుడికారం చెప్పేది. నాకు నేర్చుకోవాలన్న సరదా ఏమీ లేదు. ఫోన్ ముందు నా చేతికి వస్తుంది కాబట్టి తప్పలేదు.

“నైన్ టైమ్స్ అవుటాఫ్ టెన్ అంటే ఇంచుమించు ఎప్పుడూ అని, మావా.”

“పదికి తొమ్మిదని లెక్కపెట్టిందెవరు?”

“ఎవరూ పెట్టలేదు.”

“మరి ఎనిమిదెందుక్కాకూడదు?”

“కాకూడదంతే.”

‘ఎలెవెంత్ అవర్’ అంటే ఆఖరి క్షణం అంది. పదకొండో గంట ఆఖరిది ఎలా అవుతుంది? పన్నెండు మిగిలే ఉంది కదా. ‘క్లౌడ్ నైన్’ మీద ఉన్నాడంటే పట్టరాని సంతోషంలో ఉన్నాడని అర్థం. మిగతా ఎనిమిది మబ్బుల మీద ఎవరున్నారో ఆమెకీ తెలియదు. ‘ఎట్ సిక్సెస్ అండ్ సెవెన్స్’ అంటే అంతా గందరగోళం అట. ఆరూ ఏడూ ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా కూర్చునే అంకెలు. వాటి మీద ఆ నింద వేసిందెవరో గానీ, విన్న రోజంతా నాకు చిరాగ్గానే గడిచింది. అంకె అన్నాక దానికో విలువ ఉండాలి. లేనప్పుడు దాని జోలికి పోకూడదు.

మా ఎదురు సీటులో మునగకాడల కట్టలు కాళ్ల మధ్య నిలబెట్టుకుని ఒకామె రోజూ కూర్చునేది. పలాస మార్కెట్లో అమ్ముకుంటుంది. మా మాటలన్నీ వినేది.

“ఏటి బావూ, పిల్లకి నువ్వు సెప్తన్నావా, పిల్ల నీకు సెప్తందా?” అంది ఒకరోజు.

“పిల్లే నాకు సెప్తంది.”

“అలగైతే బెత్తం దెబ్బలు నీకే పడాల. ఒక్క ముక్కా ఒప్పుకోవు గదా!”

పెట్టెలో నలుగురూ నవ్వారు. దాంతో మా మేనకోడలికి ధైర్యం వచ్చింది.

“ధాన్యం కొలిసినప్పుడు నువ్వేటంటావు మావా? మొదటి కుంచానికి ఒకటి అంటావా?”

అనను. ఎవరూ అనరు. మొదటి కుంచాన్ని ‘లాభం’ అంటాం.

“ఏడో కుంచం వత్తే?”

“ఆరున్నొకటి.”

“మరి పార్టీ వచ్చి పక్కన నిలబడి, ఒకటేదీ, ఏడేదీ అనడిగితే ఏటి సెప్తావు?”

“అది శుభం కోసం అంటాం. వాళ్ల మబ్బులు ఏ శుభం కోసం?” అని గట్టిగానే అన్నాను.

మునగకాడల ఆమె ఊరుకోలేదు. “ఓలమ్మో, బియ్యం అయిపోతే నిండుకున్నాయనమా ఏటి? ఆ ఇంగ్లీసాయన అది ఇన్నాడంటే విస్తరేసుకుని కూకుంటాడు!”

ఈసారి పెట్టె అంతా నవ్వింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. వాళ్లు చెప్పింది తప్పని అనలేను. అందుకే ఇంకా చిరాకేసింది.

మా వైపు వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. కొట్టు తెరిచి కూర్చున్నవాడి నోట ‘లేదు’ అన్న మాట రాకూడదు. ఉప్పు లేకపోతే ‘రేపొస్తాది’ అంటాడు, బెల్లం లేకపోతే ‘సాయంత్రం రండి’ అంటాడు. మా యజమాని చిన్నప్పటి నుంచీ వాళ్ల నాన్న కిరాణా కొట్లో పెరిగాడు. ఆ అలవాటును కొట్టు దాటించి మొత్తం బతుక్కి పట్టించాడు. సెలవడిగినా, చందా అడిగినా, కొత్త కాటా కొనమన్నా ఆయన దగ్గర ఒకటే మాట: సూద్దాం.

అయితే అందులో తేడా ఉంది. ఇచ్చే ఉద్దేశం ఉంటే ‘సూద్దాం’ అంటూ మన మొహం చూస్తాడు. లేకపోతే గోడ మీది క్యాలెండరు చూస్తాడు. పొట్టు తీసే ఆడవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. సెలవు అడిగి వచ్చినామెను మిగతావాళ్లు “ఎటు సూసినాడు?” అని అడుగుతారే తప్ప “ఏటన్నాడు?” అని అడగరు. నాకు మాత్రం ఇది ఏనాడూ నచ్చలేదు. అవునంటే అవును, కాదంటే కాదు. మనిషి మెడ ఎటు తిరిగిందో చూసి ఫలితం తేల్చుకోవడం ఏమి లెక్క?

నెలాఖరులో పార్టీ వచ్చాడు. పొడుగాటి మనిషి, చెమటకి చొక్కా తడిసిపోయింది. కొబ్బరి బోండం తాగి, షెడ్డంతా తిరిగి, నేను పళ్లెంలో పోసిపెట్టిన విరగని గుండు పప్పు చేత్తో కలిపి చూసి ‘సెకండ్ టు నన్’ అన్నాడు. రెండోది అన్న మాట నా చెవిన పడగానే పళ్లెం వెనక్కి లాక్కోబోయాను. మా మేనకోడలు నా మొహం చూసి, “దీనికి మించింది లేదంటన్నారు మావా” అంది నెమ్మదిగా. యజమాని మొహం వెలిగిపోయింది.

ఆఫీసు గదిలో అందరం కూర్చున్నాం. ఆమె ఆ ఖాళీ కుర్చీలోనే కూర్చుంది. దాని వెనక కాలు ఒకటి పొట్టి. కింద మడతపెట్టిన అట్టముక్క పెట్టుకుంది. పార్టీ మాట్లాడుతూ పోయాడు, ఆమె తెలుగులో చెబుతూ పోయింది. వాళ్ల పండగ సీజనుకి ఎప్పుడూ ఇచ్చేదానికి రెట్టింపు సరుకు పంపగలరా అన్నది అసలు ప్రశ్న.

పంపలేం. గోదాములో ఉన్న పిక్కలన్నీ కోసినా అంత పప్పు దిగదు. మన తోటల పిక్కలు వేసవికి గానీ రావు. బయటి నుంచి తెప్పించేవి ఇంకా ఓడ ఎక్కలేదు. పైగా పిక్కలున్నా, కోసిన పప్పు ఆరబెట్టే పొయ్యి ఒక్కటే. ఇదంతా నేను యజమానికి ముందు రోజే చెప్పాను. ఆయన తల ఊపాడు కూడా.

ఇప్పుడాయన క్యాలెండరు వైపు చూసి, “సూద్దాం. సెయ్యొచ్చు. సూద్దాం” అన్నాడు.

పార్టీ ఆమె వైపు తిరిగాడు. అంకె రాసుకోవడానికి ఫోన్ తీసి పట్టుకున్నాడు. ఆమె యజమానిని చూసింది, క్యాలెండరును చూసింది, నన్ను చూసింది. ‘వుయ్ విల్ సీ’ అంటే సరిపోయేది. మాటకి మాట అదే. ఆమె ఆ మాట అని, దాని వెనకాలే ‘బట్ ప్లీజ్ డోంట్ హోల్డ్ యువర్ బ్రెత్’ అంది. ఊపిరి బిగబట్టుకుని కూర్చోకండి అని మాటల అర్థం. అవుతుందని ఆశ పెట్టుకోకండి అని వాడుక. అది నాకు ముందటి వారమే బండిలో చెప్పింది.

పార్టీ పగలబడి నవ్వాడు. ఎందుకో తెలియకపోయినా యజమాని కూడా నవ్వాడు. పార్టీ ఫోన్ జేబులో పెట్టేసుకుని, ఎప్పుడూ పంపేదే పంపండి చాలు అన్నాడు. లేచి అందరికీ చేతులు కలిపి, ఆమెకి ప్రత్యేకంగా థాంక్స్ చెప్పి కారెక్కాడు.

కారు గేటు దాటాక యజమాని అడిగాడు. “ఏటన్నావమ్మా ఆయనతోటి? అంతలా నవ్వినాడు?”

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది.

“నాను నేదన్నానా?”

“అన్నేదు సారూ.”

“మరి నువ్వెందుకన్నావు?”

“మీరు సూద్దాం అంటే ఏటో మీకు తెల్సు, మావకి తెల్సు, పొట్టు తీసే అక్కలందరికీ తెల్సు. ఆయనొక్కడికే తెల్దు సారూ. పాపం, రాసీసుకుంటన్నాడు.”

“రాసుకోనియ్! తరవాత ఏదో ఒకటి సెప్పుకుంటాం. వచ్చినోడి మొహం మీద నేదని సెప్తామా?”

నేను మధ్యలోకి వెళ్లాను. “ఇవ్వలేని సరుకు ఇస్తామంటే పండగ ముందు మనకే గదా ఇబ్బంది. నిన్ననే మీకు లెక్క...”

“లెక్క నాకు సెప్పకు బావా! ఇది లెక్క కాదు, మర్యాద.”

షెడ్డులో ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. ఆమె మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడి, “నా సంగతేటి సారూ? రేపటికల్లా చెన్నై దానికి సెప్పాలి” అంది.

ఆయన క్యాలెండరు చూశాడు. “సూద్దాంలేమ్మా” అన్నాడు.

తిరుగు బండెక్కాం. నాకు ఒళ్లు మండిపోతోంది. ఆ పెద్దమనిషి మీదా, ఆ పార్టీ మీదా, ఈ పిల్లకి ఉన్నదున్నట్టు చెప్పకుండా ఉండలేని నోరు ఇచ్చిన దేవుడి మీదా. నేనైతే ఆ కుర్చీలో కూర్చుని ఏం చెప్పేవాణ్ణో ఆలోచించాను. నేనూ అదే చెప్పేవాణ్ణి. అది కూడా ఒక చిరాకు.

“మావా, సూద్దాంలేమ్మా అంటే ఇంగ్లీషులో ఏటనాలి?” అంది ఉన్నట్టుండి.

నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం ఆమె నోటి నుంచి విన్నదే. కానీ చెప్పలేకపోయాను. “నాకేటి తెల్సు, నువ్వే గదా మేష్టారివి” అన్నాను. ఎదురుగా మునగకాడల ఆమె కట్టలన్నీ అమ్ముకుని ఖాళీ గోనె మడతపెట్టుకుని కూర్చుంది. మా ఇద్దరి మొహాలూ చూసి, “ఎటు సూసినాడేటి?” అంది. షెడ్డులో పొట్టు తీసేవాళ్లలో ఒకామె ఈవిడ తోటికోడలట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. “క్యాలెండరు” అన్నాను. ఆమె నాలుక చప్పరించి, గోనె మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టుకుంది.

మర్నాడు ఆదివారం. మా చెల్లెలింటికి వెళ్తే ఈ పిల్ల గుమ్మంలో కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతోంది. పెట్టెయ్యగానే, “దానికి రానని సెప్పీసినాను మావా” అంది.

“ఎందుకు? ఈయన కాదన్నాడు గదా!”

“అన్నేదు.”

“అన్నట్టే గదా.”

“అన్నట్టే అంటే అన్నేదనే గదా మావా. మీ సారు జన్మలో ఎవరికీ నేదన్నేదని నువ్వే సెప్పినావు. రేపు నాను ఎళ్లి కుర్చీలో కూకుంటాను. ఎలిపొమ్మనమను సూద్దాం.”

 అటున్నది చేతిలోకి వచ్చిన పని. ఇటున్నది మెడ ఎటు తిరిగిందో చూసి తేల్చుకోవలసినది. ఏ లెక్క ప్రకారం చూసినా అది తప్పు. ఆ మాటే అన్నాను. మా చెల్లెలు లోపల నుంచి “నువ్వైనా గట్టిగా సెప్పన్నయ్యా” అంది. గట్టిగానే చెప్పాను. ఆ పిల్ల నవ్వి, నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

సోమవారం క్యారియర్ పట్టుకుని బండెక్కింది. నాకంటే ముందు ఆఫీసు గదిలోకి వెళ్లి, అట్టముక్క సరిచేసుకుని కూర్చుంది. యజమాని వచ్చాడు. గుమ్మంలో ఆగాడు. పొట్టు తీసే ఆడవాళ్లందరూ తలలు ఎత్తకుండా అటే చూస్తున్నారు. ఆయన నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏ మాట రావాలో నాకు తెలుసు. ఆ మాట ఆయనకి చేతకాదని కూడా తెలుసు. గొంతు సవరించుకున్నాడు, క్యాలెండరు చూశాడు, కిటికీ చూశాడు.

“టీ తాగినావామ్మా?” అన్నాడు.

“ఇంకా నేదు సారూ” అంది.

ఆయన బయటికి కేకేసి టీ చెప్పాడు. కాసేపటికి ఫోన్ మోగింది. చూసి, అలవాటుగా నా వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి ఆమె బల్ల మీద పెట్టాడు. పార్టీ ‘టచ్ బేస్’ చేద్దామన్నాడట వచ్చే వారం. ఓసారి మాట్లాడుకుందామని దాని అర్థం. తాకడం ఎందుకో, ఏ బేసో నేను అడగలేదు.

అది జరిగి చాలా రోజులైంది. ఆమె రోజూ వస్తోంది. చేర్చుకున్నానని ఆయన ఇంతవరకూ చెప్పలేదు. శనివారాలు అందరికీ ఇచ్చినట్టే ఆమెకీ ఒక కవరు ఇస్తాడు. అది జీతమా, దారి ఖర్చా, ఇంకేదైనానా అన్నది దాని మీద రాసి ఉండదు. నేను ఆగలేక ఒకసారి నిలదీశాను. “పిల్లని పన్లో పెట్టుకున్నట్టా, కాదా? ఒక్క మాట సెప్పండి.”

“ఏటి బావా నీ గోల? వత్తంది గదా” అని నా మొహం చూశాడు.

మొన్న పొద్దున ఆమె కూర్చోబోతే అట్టముక్క కనబడలేదు. కుర్చీ కదల్లేదు. వంగి చూస్తే ఆ పొట్టి కాలుకి కొత్త చెక్క అతికించి, మేకులు దిగగొట్టి, మిగతా కాళ్ల రంగే వేసి ఉంది. వడ్రంగిని ఎవరు పిలిచారో షెడ్డులో ఎవరికీ తెలియదు. యజమాని పక్క గదిలో డబ్బాలు లెక్కపెడుతున్నాడు. ‘లాభం’ నుంచి మొదలుపెట్టి ‘ఆరున్నొకటి’ దాటి వెళ్తున్నాడు.

ఆమె కుర్చీని ఒకసారి అటూ ఇటూ ఊపి చూసి, కూర్చుని, ఫోన్ అందుకుంది. నేను అటు వెళ్లి ఆయన్ని మళ్లీ అడుగుదామనుకున్నాను. అవునా, కాదా. ఏమంటాడో తెలిసి ఆగిపోయి, నా బస్తాల దగ్గరికి పోయి కూర్చున్నాను.